మూడో పాట

సెప్టెంబరు 11, గురువారం

ఈ రోజుకు తొమ్మిదేళ్లు.

పెళ్లికాని పిల్లకు ఏటేటా చేయవలసిందేమీ లేదని పంతులుగారు అప్పుడే చెప్పారు. అందుకని ఈ తేదీన సెలవు పెడతాను. పొద్దున్నే స్నానం చేసి, హరిప్రియ ఫోటోకు దండ వేసి, తన సీడీ పెడతాను. అది తరణి పాడిన ఆఖరి ఆల్బం, పేరు 'ఇంకొంచెం'. తరణి కారు ప్రమాదంలో పోయిన ఏడాదిన్నరకు కంపెనీవాళ్లు విడుదల చేశారు. తొమ్మిది పాటలు, నలభై రెండు నిమిషాలు. మా అమ్మాయికి ప్రాణం. అందులో మూడోదైతే మరీను. 'చివరి పెట్టె'.

సాయంత్రానికి మూడుసార్లు విన్నాను. మా ఆవిడ జయ వంటింట్లోనే ఉండిపోయింది. ఈ పాటలు పెట్టినప్పుడు తను ముందు గదిలోకి రాదు. తట్టుకోలేదని నేనూ పిలవను.

వచ్చే నెలాఖరుకు నా రిటైర్మెంటు. ఇరవై ఎనిమిదేళ్లు గూడ్సు గార్డుగా ప్రతి ట్రిప్పుకూ మెమో రాసిన చెయ్యి. ఇక రాయడానికేమీ ఉండదని ఈ పుస్తకం కొన్నాను.

సెప్టెంబరు 14, ఆదివారం

రైల్వే కాలనీలో మా తెలుగు సంఘం హాలుకు చల్లని నీళ్ల మిషను అమ్మాయి పేరున ఇస్తున్నాం. దాని మీద బిగించే స్టీలు రేకు చెక్కించడానికి గోల్ బజారు వెళ్లాను. ఇది హిందీవాళ్ల ఊరు, చెక్కే అతనికి తెలుగు రాదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. బొమ్మ చూసి గీసినట్టు గీసుకున్నాడు.

పైన పేరు. కింద సంవత్సరాలు, 1994 నుంచి 2016. ఆ కింద మూడో పాటలో మాట: 'చివరి పెట్టెలో నాకో చోటుంచు, చేయి ఊపేవాళ్లకు కనిపిస్తాను.'

దీని అర్థమేమిటని అడిగాడు. హిందీలో చెప్పాను. చెక్కడం ఆపి ఒకసారి నా ముఖంలోకి చూసి, మళ్లీ పని చేసుకున్నాడు. గూడ్సుకు చివరి పెట్టె గార్డుది. అమ్మాయికి ఆ పాటే ఎందుకు నచ్చిందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు.

సెప్టెంబరు 15

'నాకో' కాస్తా 'నాక' అయింది. మళ్లీ వెళ్లాను.

సెప్టెంబరు 20, శనివారం

రాయపూర్ నుంచి శ్వేత ఫోను. అమ్మాయితో ఒకటో క్లాసు నుంచి చదివింది, ఇప్పుడు బ్యాంకులో ఆఫీసరు. తను, అమ్మాయి, లోకో షెడ్డులో పనిచేసే రోహన్, ముగ్గురికీ అప్పట్లో తరణి పిచ్చి. వచ్చే నెల పన్నెండుకు 'ఇంకొంచెం' వచ్చి పదేళ్లట. ఎక్కడెక్కడి అభిమానులూ ఆ రోజు వీడియోలో కలిసి, ఆల్బమంతా మళ్లీ విని మాట్లాడుకుంటారట.

"మా ఇంట్లోనే పెట్టుకోండమ్మా. అదే రోజు నీళ్ల మిషనుకు పూజ చేయించేద్దాం. మూడో పాటలో మాట చెక్కించాను రేకు మీద," అన్నాను.

ఏ మాటని రెండుసార్లు అడిగి చెప్పించుకుంది. లైను బాగాలేదేమో అనుకున్నాను.

"వస్తాను అంకుల్," అంది.

సెప్టెంబరు 22, సోమవారం

క్వార్టరు ఖాళీ చేయాలి కదా, మోప్కాలో కట్టుకున్న ఇంటికి పంపే సామాను కొద్దికొద్దిగా సర్దుతున్నాం. ఈ రోజు అమ్మాయి గది. పాటల నోటుబుక్కు దొరికింది. మా పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. తరణి మొదటి ఆల్బం పాటలన్నీ హిందీ అక్షరాల్లో రాసుకుంది. రెండో ఆల్బం కూడా. 'ఇంకొంచెం'లోవి ఒక్కటీ లేవు. వెనక ఇరవై పేజీలు ఖాళీగా ఉన్నాయి. తీరిగ్గా రాద్దామనుకుని ఉంటుంది.

సెప్టెంబరు 23

ఆ రోజుల్లోనే అందరూ ఫోన్లో వినేవారు. చేతిలో ఫోనుండగా సీడీతో పనేముంది. అమ్మాయీ అలాగే వినుంటుంది.

అక్టోబరు 2, గురువారం

దసరా. గతౌరా స్టేషన్లో వేరే బళ్లకు దారివ్వడానికి మా గూడ్సును లూపు లైనులో పెట్టి రెండు గంటలు కదలనివ్వలేదు. బ్రేకు వ్యానులో, అదే నా చివరి పెట్టెలో, కూర్చుని మూడో పాట పాడుకున్నాను. మాటలన్నీ వచ్చు. తొమ్మిదేళ్లుగా వింటే ఎవరికైనా వస్తాయి.

అక్టోబరు 5, ఆదివారం

శ్వేత వారం ముందే వచ్చింది, ఒక్కతే. జయ ఉప్మా చేస్తానంటే వద్దంది. బ్యాగు ఒళ్లోంచి దించకుండా కూర్చుంది.

"అంకుల్, ఆ రేకు మీద లైను మార్చొచ్చా?"

"ఎందుకు? మళ్లీ ఏదైనా తప్పు పడిందా?"

"తప్పు కాదు..." జయ వైపు చూసింది. జయ తల దించుకుంది. "ప్రియ ఆ ఆల్బం వినలేదు అంకుల్. ఒక్క పాట కూడా. వినకూడదని ఒట్టు పెట్టుకుంది."

నేను నవ్వాను. నవ్వు ఎందుకొచ్చిందో తెలియదు.

"నచ్చని టేకులు చెరిపేస్తానని తరణి ఎప్పుడూ చెప్పేది. తను పోయాక కంపెనీవాళ్లు ఆ ముక్కలే ఏరి, మధ్యలో వేరే గొంతు అతికి అమ్మారు. పోయినవాళ్ల నోట్లో మాటలు పెడతారా అని ప్రియకి చాలా కోపం. నేను విన్నానని నాతో నెలరోజులు మాట్లాడలేదు. నాకు అప్పట్లో ఆ పాటలు నచ్చాయి. ఏడ్చాను కూడా. ఇప్పుడు మళ్లీ వింటుంటే... తను చెప్పిందే సహీ అంకుల్."

"ఏటమ్మా నువ్వనేది? మూడో పాట బాగుందని నాతో సెప్పింది అది. నోటితో సెప్పింది."

"తెలుసు. అలా ఎందుకు చెప్పిందో కూడా నాకు చెప్పింది. వాయిస్ మెసేజ్ ఉంది నా దగ్గర. ప్రియదే."

లేచి నిలబడ్డాను. రాయపూర్ బండికి టైమవుతోందన్నాను. ఇంటికి వచ్చిన పిల్లతో, నా కూతురంతటి పిల్లతో, అలా అన్నాను. ఆటో దాకా జయ వెళ్లింది. నేను వెళ్లలేదు.

అక్టోబరు 6

2015 నవంబరు, అమ్మాయి పుట్టినరోజుకు ముందు. బంధువుల గృహప్రవేశానికి విశాఖ వెళ్లాను. 'ఇప్పుడు సీడీలెవరు కొంటున్నారండీ' అంటూ రెండు షాపుల్లో తిప్పి పంపారు. మూడో షాపులో దొరికింది. తెచ్చి ఇచ్చాను. రెండు రోజుల తర్వాత నేను యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి 'మూడోది చాలా బాగుంది నాన్నా' అంది.

అంది. నేను విన్నాను.

అక్టోబరు 7, మంగళవారం

ఎవరూ చదవని పుస్తకంలో కూడా అబద్ధం రాస్తే ఇక ఎందుకు.

ఆ సీడీ మీది ప్లాస్టిక్ కవరు చింపింది నేను. 2016 సెప్టెంబరు నెలాఖరు, అమ్మాయి పోయిన మూడో వారం. పుస్తకాల వెనక దొరికింది. కవరుకు చిన్న గీత కూడా పడలేదు. విశాఖ షాపువాడు అంటించిన చీటీ అలాగే ఉంది. కవరు గోటితో చీల్చి, ఉండ చేసి, జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయి, ఎక్కడో బ్రేకు వ్యానులోంచి పారేశాను. జయకు చెప్పలేదు. నాకూ చెప్పుకోలేదు. డెంగ్యూ ఆరు రోజుల్లో పిల్లను పట్టుకుపోయింది. నాతో తను సంతోషంగా అన్న మాటల్లో నాకు తేదీతో సహా గుర్తున్నది అదొక్కటే.

మధ్యాహ్నం జయను అడిగాను.

"నీకు తెలుసా?"

చింతపండు గింజలు తీస్తోంది. చేయి ఆపలేదు.

"తెలుసండి. అది అప్పుడే సెప్పింది నాకు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"ఏటని సెప్పీది? అది పోయాక మీరు డ్యూటీ లేన్రోజు కూడా యార్డుకెల్లిపోయి లైన్ల ఎంబడి తిరిగీవోరు. ఏ బండి కింద పడతారోనని నాను గేటు కాడ నిలబడీదాన్ని. ఆ పాటలు దొరికినాక ఇంట్లో కూకున్నారు. కూకున్నారు కదా, సాల్లే అనుకున్నాను."

"తొమ్మిదేళ్లా?"

"నాను ఇనలేకపోయినాను. అందుకే వంటింట్లో ఉండిపోయీదాన్ని. అది అక్కర్లేదన్న పాటలు దాని పోటో ముందర."

కోపం రావాలి. రాలేదు. ఆమె గేటు దగ్గర నిలబడేదని నాకు ఇప్పటిదాకా తెలియదు.

అక్టోబరు 9

శ్వేతకు ఫోను చేశాను. ఆదివారం తప్పకుండా రమ్మన్నాను. మొన్నటిదానికి ఏమీ అనుకోవద్దన్నాను. "నేనేమీ అనుకోలేదు అంకుల్" అంది. నీళ్ల మిషను పూజ తర్వాత పెట్టుకుందామని సంఘంవాళ్లకు చెప్పాను. కారణం అడిగితే రేకులో అక్షరం తప్పన్నాను.

అక్టోబరు 12, ఆదివారం

అంతా రాయాలి.

పది గంటలకు శ్వేత, రోహన్ వచ్చారు. టీవీకి లాప్‌టాప్ కలిపారు. వీడియోలో పదకొండు మంది. విశాఖ, హైదరాబాదు, భిలాయి, ఎక్కడెక్కడివాళ్లో. అందరికీ ముప్పై దాటాయి. ఒకమ్మాయి ఒళ్లో చంటిపిల్ల ఉంది. ఒకతనికి జుట్టు ఊడిపోయింది. మా అమ్మాయికి వచ్చే నెలతో ముప్పై ఒకటి నిండుతాయి. ఆ చదరపు గళ్లలో ఒకటి తనదై ఉండేది.

నేను గుమ్మం పక్కన కుర్చీ వేసుకున్నాను. ఒక్కో పాట పెట్టి, ఆపి, మాట్లాడుకున్నారు. ఏడుస్తూ మాట్లాడతారనుకున్నాను. కాదు. డాక్టర్లు ఎక్స్‌రే చూసినట్టు చూశారు. మూడో పాట వచ్చింది. విశాఖ అమ్మాయి ఆపమంది.

"ఇక్కడ ఊపిరి తీసుకున్న చప్పుడు విన్నారా? అక్కడిదాకానే తరణి. ఆ తర్వాత చివరిదాకా ఊపిరే వినపడదు. మనిషి పాడితే ఊపిరి ఉండాలి కదా."

మళ్లీ పెట్టారు. నిజమే. నాలుగు లైన్లే తరణివి. నేను రేకు మీద చెక్కించిన మాట ఆ నాలుగింటిలో లేదు. వేల సార్లు విన్నాను, ఊపిరి సంగతి నాకు తట్టలేదు.

"పదేళ్ల కింద ఇది మనకు వినపడలేదు," అన్నాడు జుట్టు లేని అతను.

"వినపడింది. వినదలుచుకోలేదు," అంది చంటిపిల్ల తల్లి. "నాకైతే తను పోయిందని ఒప్పుకోవడం ఇష్టం లేదు. ఇంకో ఆల్బం వచ్చిందంటే పోలేదన్నట్టే కదా అనుకున్నా. ఇప్పుడు వింటుంటే సిగ్గుగా ఉంది."

"సిగ్గెందుకు?" రోహన్ అన్నాడు. "ప్యార్ థా, ప్రేమ కొద్దీ విన్నాం. ఇప్పుడు వదిలేద్దాం."

శ్వేత అప్పుడు చెప్పింది, తన స్నేహితురాలు ఒకమ్మాయి మొదటిరోజే ఈ మాట అందని, విననని ఒట్టేసుకుని విననేలేదని. పేరు చెప్పలేదు. నా వైపు చూడలేదు. నా కూతురు గొప్పదనిపించింది. నేను తెలుసుకోని గొప్ప.

ఒంటిగంటకు అయిపోయింది. జయ అందరికీ అన్నం పెట్టింది. తిన్నాక శ్వేత ఫోను తీసింది.

"అంకుల్, మీకు వినాలనిపిస్తేనే. ఇది నాకు పంపిన మెసేజ్. మీరు వింటారని తను అనుకోలేదు."

ఆ మాట నన్ను పట్టుకుంది. ఇప్పుడే కదా, చనిపోయిన మనిషి ఇవ్వనిది తీసుకోకూడదని అంతమందీ అన్నది. వద్దని చెప్పడానికి నోరు తెరిచాను.

"నాను ఇంటాను," అంది జయ. "అది కోప్పడితే నా మీద కోప్పడనీ. పెట్టమ్మా."

శ్వేత పెట్టింది.

"అరే శ్వేతా, సున్ నా. నాన్న ఆ సీడీ తెచ్చీసినారు. వైజాగ్‌లో మూడు షాపులు తిరిగారంట, ఎండలో. ఇప్పుడేం చెయ్యాలి చెప్పు. విననని చెప్తే ఆయన మొహం నువ్వు చూడలేవు. అందుకే విన్నానని చెప్పీసినాను. వెనక లిస్టు అమ్మ చేత చదివించుకున్నాను. మూడోది 'చివరి పెట్టె' అంట. గార్డు కదా, ఖుష్ హో జాయేంగే అని అదే బాగుందన్నాను. హో గయే భీ, మురిసిపోయారు. పాపం, ఆయనకి పాటలేం తెలుసు. నా గది దగ్గరకొచ్చి సౌండు తగ్గించమనడమే తెలుసు. కానీ మూడు షాపులు తిరిగారు యార్. నేను ఒట్టు తప్పను, వినను. కానీ పారెయ్యను కూడా. దాచుకుంటాను..."

అంతలో దూరంగా ఒక మగగొంతు. "అమ్మలూ, ఎవర్తోటే అంతసేపు? అన్నం సల్లారిపోతంది."

నా గొంతు.

"ఆఁ, వస్తన్నాను నాన్నా."

అక్కడితో అయిపోయింది.

జయ కొంగు నోట్లో కుక్కుకుంది. రోహన్ వరండాలోకి వెళ్లిపోయాడు. నేను ఆ రోజును గుర్తు చేసుకోవాలని చూశాను. పిలిచాను, వచ్చింది, తిన్నాం. ఏం కూరో, ఏం మాట్లాడుకున్నామో, ఒక్కటీ గుర్తు లేదు. అలాంటి రోజులు ఇరవై ఒక్క సంవత్సరాలు ఉన్నాయి నాకు. నేను ఒక్క మాట పట్టుకుని కూర్చున్నాను.

అక్టోబరు 13

డ్యూటీ. కోటా స్టేషను దాటే వరకూ వాన.

అక్టోబరు 17, శుక్రవారం

గోల్ బజారు. కొత్త రేకు కావాలన్నాను.

"పాతదానిలో ఏం తప్పుంది సాబ్? ఈసారి అన్నీ సరిగ్గా గీశాను కదా," అన్నాడు.

"అక్షరాలు సరిగ్గానే ఉన్నాయి. ఆ మాట మా అమ్మాయిది కాదు," అన్నాను.

పోయినవాళ్ల నోట్లో మాటలు పెట్టడమంటే అమ్మాయికి కోపమట. నేను చేసిందీ అదే, స్టీలు మీద, చెరగకుండా. కొత్త రేకు మీద పేరు, సంవత్సరాలు, అంతే. కింద ఏం రాయాలని అడిగాడు. ఖాళీగా వదిలేయమన్నాను.

అక్టోబరు 19, ఆదివారం

హాలులో పూజ అయింది. రోహన్ రేకు మీది పేరును వేలితో తాకుతూ చదివాడు. "హ... రి... ప్రి... య. ఇంత చదవగలను అంకుల్," అన్నాడు. పిల్లలు అప్పటికే గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు.

అక్టోబరు 31, శుక్రవారం

రిటైరయ్యాను. దండలు వేశారు. టార్చి, జెండాలు అప్పగించాను. ఏదో మాట్లాడమన్నారు. థాంక్స్ చెప్పి కూర్చున్నాను.

నవంబరు 9, ఆదివారం

మోప్కా ఇల్లు. ఇక్కడ బళ్ల చప్పుడు లేదు. జయకు నిద్ర పట్టడం లేదు. నాకూ అంతే. సీడీ ఎక్కడుందని జయ అడగలేదు. అమ్మాయి పుస్తకాల వెనక, తను పెట్టుకున్నట్టే పెట్టాను. ప్లేయరు రోహన్ పట్టుకెళ్లాడు.

నవంబరు 18, మంగళవారం

అమ్మాయి పుట్టినరోజు. జయ పాయసం చేసింది. తొమ్మిదేళ్లలో ఈ రోజున పొయ్యి మీద తీపి పెట్టడం ఇదే మొదలు.

తరణి మొదటి ఆల్బం శ్వేత నా ఫోనులోకి పంపింది, ఎనిమిది పాటలు. అమ్మాయి నిజంగా ఇష్టపడినవి, గోడ అవతల నుంచి నా నిద్ర పాడుచేసినవి. ఒక్కటీ పూర్తిగా విన్న పాపాన పోలేదు. నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెట్టాను. పదిన్నరకు, వెలుతురు బాగా ఉండగా, కిటికీ దగ్గర కూర్చుని మొదటిది పెట్టాను.

జయ వంటింట్లోంచి వచ్చి నా పక్కన కూర్చుంది.

పాట మొదలైనప్పటి నుంచీ ఒకటే మోత. మాటలు సగం అర్థం కావు. నోటుబుక్కులో హిందీ అక్షరాలు వేలితో వెతుక్కుంటూ విన్నాను. మధ్యలో ఒకచోట అమ్మాయి మూడు గీతలు గీసి, పక్కన నక్షత్రం బొమ్మ వేసింది. పాటలో ఆ చోటు వచ్చింది. అక్కడ తరణి ఏదో అరిచింది. అంతే.

పాట అయిపోయింది. నాకు నచ్చలేదు.

"ఇదేం పాటే అమ్మలూ, డబ్బాలు బాదినట్టుంది," అన్నాను.

పైకే అన్నాను. జయ నా వైపు తిరిగింది. పోట్లాటకు వచ్చినట్టు అమ్మాయితో మాట్లాడటం నేను ఎప్పుడో మానేశాను. ఫోటోతో మెల్లగా, దేవుడితో మాట్లాడినట్టు మాట్లాడేవాడిని.

"మీకేటి తెలుసు పాటల గురించి," అంది జయ, అమ్మాయి అన్నట్టే. అని, అక్కడే కూర్చుని చాలాసేపు ఏడ్చింది. నేను ఆపలేదు. నేనూ ఏడ్చాను.

మధ్యాహ్నం పాయసం తిన్నాక రెండోది పెట్టాం. అది ఇంకా అన్యాయం.

ఇంకా ఆరున్నాయి.